చాటునున్న విల్లు

అనకాపల్లి జిల్లా రాంబిల్లి తీరాన అణు జలాంతర్గాముల కోసం నౌకాదళ స్థావరం రూపుదిద్దుకుంటోంది. ఆ జలాంతర్గాముల బలమంతా రెండిట్లో ఉంది: కనబడకపోవడం, దూరం నుంచి కొట్టడం. ఈ రెండూ ఒకదాన్నొకటి పెంచుకుంటాయి. 2016లో నౌకాదళంలో చేరిన అరిహంత్ జలాంతర్గామి మోసే కె-15 క్షిపణి పోయేది సుమారు 750 కిలోమీటర్లు. అంటే కొట్టాలంటే శత్రుతీరం వైపు వెళ్లాలి, వెళ్తే దొరికిపోయే ముప్పు. 2024 నవంబరులో అరిఘాత్ జలాంతర్గామి నుంచి పరీక్షించిన కె-4 సుమారు 3,500 కిలోమీటర్లు పోతుంది. అది ఉంటే బంగాళాఖాతం దాటనక్కర్లేదు. క్షిపణి ఎంత దూరం పోతే దాక్కోడానికి అంత సముద్రం దొరుకుతుంది. కంటికి కనబడక, చేతికి అందక కొట్టగలవాడి యుద్ధం ధర్మయుద్ధమవుతుందా?

ఈ ప్రశ్న మనకు కొత్తది కాదు. మరుగున పెట్టిన ఆయుధాలతో, విషం పూసిన బాణాలతో, నిప్పు మండే మొనలతో చంపకూడదని మనుస్మృతి ఏడో అధ్యాయం రాజుకు చెప్పింది. అయినా రాముడు చాటు నుంచే వాలిని కొట్టాడు. వాల్మీకి దాన్ని కప్పిపుచ్చలేదు. నేలకొరిగిన వాలి నోటే ఆ నింద వేయించాడు, రాముడి చేత దానికి జవాబూ చెప్పించాడు. ఆ జవాబు అందరికీ నచ్చలేదు, ఇప్పటికీ వాదన నడుస్తూనే ఉంది. కానీ రాముడు చాటు వదిలి వాలి ముందుకొచ్చి నిలబడ్డాడన్నది ముఖ్యం. యుద్ధకాండలో ఇంద్రజిత్తు ఆకాశంలో మాయమై బాణాలు కురిపిస్తాడు. లక్ష్మణుడు విసిగి రాక్షసులందరినీ బ్రహ్మాస్త్రంతో తుడిచేస్తానంటాడు. రాముడు ఒప్పుకోడు. ఒక్కడి కోసం అందరినీ చంపరాదంటాడు. పోరాడనివాణ్ణి, దాగినవాణ్ణి, శరణన్నవాణ్ణి, పారిపోయేవాణ్ణి చంపరాదంటాడు. కనబడని శత్రువు మీద కోపం ఎంత న్యాయమైనదైనా, ఆ కోపంతో సర్వసంహారానికి దిగే హక్కు రాదని దాని అర్థం.

వీటిని బట్టి నేను చెప్పేది ఇది: దాక్కోవడం దానంతట అది అధర్మం కాదు, జవాబు చెప్పకుండా దాక్కోవడం అధర్మం.   జవాబు చెబితే రహస్యమే పోతుంది, అప్పుడు జలాంతర్గామి దేనికని అడగవచ్చు. రహస్యంగా ఉండాల్సింది ఓడ ఉన్న చోటు, అది ఎప్పుడు కొడుతుందన్న నియమం కాదు. నేల మీద కనబడే ఆయుధం పోతుందేమోనన్న భయం తొందరపెడుతుంది. దొరకని ఆయుధం ఓపిక పట్టనిస్తుంది. ఆ ఓపికకు నియమం తోడు కావాలి. 2003 జనవరి 4న ప్రభుత్వం ప్రకటించిన అణు విధానంలో ముందుగా ప్రయోగించబోమన్న మాట ఉంది. అది సరైన మాట.

దాక్కోవడం మీది అభ్యంతరం కన్నా గట్టిది అనకాపల్లి పక్కనే శంకరం కొండల్లో ఉంది. బొజ్జన్నకొండ స్తూపాలను తొలిచిన బౌద్ధుల ధర్మం ప్రకారం సంకల్పమే కర్మ. క్షిపణి పేలకపోయినా, పేలుస్తానన్న నిశ్చయంతో సముద్రంలో కాచుకోవడం ఇప్పుడే చేస్తున్న కర్మ. దీన్ని నేను పూర్తిగా ఖండించలేను. బెదిరింపు వల్ల యుద్ధం ఆగుతుందన్న ఫలితం ఆ సంకల్పాన్ని శుద్ధి చెయ్యదు. చెయ్యగలిగింది ఆ సంకల్పాన్ని కుదించడం. అదే 2003 విధానం మన మీద అణుదాడి జరిగితే ప్రతిదాడి భారీగా, భరించలేని నష్టం కలిగించేలా ఉంటుందనీ అంటోంది. లక్ష్మణుడి కోపం పలికిన మాట కూడా అదే. దాన్ని మన విధానంగా ఉంచుకోకూడదు. ముందుగా కొట్టబోమన్న మాటను పార్లమెంటు చట్టం చెయ్యాలి, ప్రతిదాడి నగరాల మీద పడదన్న హద్దును అందులోనే రాయాలి. రాంబిల్లి నుంచి ఓడలు బయలుదేరక ముందే ఇది జరగాలని అనకాపల్లి ఓటర్లు తమ ప్రతినిధిని అడగాలి.