సంతకం తండ్రిది, యూనిఫాం కొడుకుది

గత నెలలో ఒక ఆదివారం దివ్యబలిపూజ ముగిశాక, పెనుబల్లిలో మన విచారణకే చెందిన ఒక పెద్దావిడ నన్ను ఆపి, "మాస్టారూ, మా మనవడు మిలటరీకి పోవాలట. మన దేశం మిలటరీ కాదు, ఆ దేశంది. ఇదేం న్యాయం?" అని అడిగింది. కన్నీళ్లు ఆపుకుంటూ అడిగిన ఆ ప్రశ్నకు అక్కడికక్కడే జవాబు చెప్పలేకపోయాను.

ఆమె కొడుకు, కోడలు 12 ఏళ్లుగా సింగపూర్‌లో ఉంటున్నారు. మనవడు నాలుగేళ్లప్పుడు వెళ్లాడు, ఇప్పుడు పదహారు నిండాయి. కొన్నేళ్ల క్రితం తండ్రి శాశ్వత నివాస హక్కుకు దరఖాస్తు చేసుకుంటూ, అందులో కొడుకు పేరు కూడా చేర్చాడు. అక్కడి చట్టం ప్రకారం ఉద్యోగంపై వెళ్లి ఆ హక్కు పొందిన తండ్రికి సైనిక సేవ ఉండదు. తండ్రి ద్వారా హక్కు పొందిన కొడుకుకు మాత్రం ఉంటుంది. పదహారున్నర ఏళ్లకు పేరు నమోదు, 18 నిండాక రెండేళ్ల సేవ. ఆ తర్వాత కూడా సాధారణంగా నలభయ్యో ఏడు వరకు ఏటా పిలిచే అవకాశం ఉంటుంది. 1965లో స్వతంత్రమైన ఆ చిన్న దేశం 1967 నుంచి ఈ పద్ధతి పాటిస్తోంది.

ఈ బాధ మన తెలుగువారిది మాత్రమే కాదు. థాయ్‌లాండ్‌లో 21 ఏళ్ల యువకులు ఏప్రిల్ నెలలో చీటీ తీయాలి. ఎర్ర చీటీ వస్తే సైన్యానికి, నల్ల చీటీ వస్తే ఇంటికి. విదేశాల్లో పెరిగి మరో దేశపు పౌరసత్వం కూడా ఉన్న థాయ్ కుర్రవాళ్లకూ ఈ బాధ్యత తప్పదు. మనవాడి సంగతి ఇంకా చిత్రమైనది. భారతదేశం గానీ సింగపూర్ గానీ రెండు పౌరసత్వాలను ఒప్పుకోవు. కనుక అతడు జేబులో భారత పాస్‌పోర్టు పెట్టుకొని ఒంటిమీద సింగపూర్ యూనిఫాం వేసుకోవాలి.

"వాడు అడిగాడా? సంతకం పెట్టింది వాడా?" అంటుంది నాయనమ్మ. మాట నిజమే. కానీ సంతకం పెట్టకపోయినా మనిషికి కొన్ని రుణాలు ఉంటాయి. లంకాసాగర్ నీటితో పొలం పండించుకునే రైతు, కట్టకు గండి పడే రాత్రి "నేను బయటి ఊరి నుంచి వచ్చినవాణ్ణి" అని పడుకుంటే ఊరు ఒప్పుకుంటుందా? ఆ కుర్రవాడు 12 ఏళ్లు అక్కడి బడిలో చదివాడు, అక్కడి వీధుల్లో భయం లేకుండా తిరిగాడు. అతని పక్క బెంచీలో కూర్చున్న మలయ్ కుర్రవాడు, చైనీయుల కుర్రవాడు, అక్కడే పుట్టిన తమిళ కుర్రవాడు 18 ఏళ్లకు జుట్టు కత్తిరించుకొని శిబిరానికి వెళతారు. వాళ్లకు తిరిగి వెళ్లడానికి మరో పెనుబల్లి లేదు. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టకూడదని మన పెద్దలు చెప్పింది ఇలాంటప్పుడు గుర్తు చేసుకోవాలి.

అయితే పార వేరు, తుపాకి వేరు. గట్టు మీద మట్టి వేయమనే హక్కు ఊరికి ఉంది. సాటి మనిషి మీద గురిపెట్టమనే హక్కు కూడా అంత సులువుగా ఉంటుందా? ఇక్కడ మనస్సాక్షి మాట వినక తప్పదు. రెండవ వాటికన్ మహాసభ 1965లో ఈ విషయంలో రెండు మాటలూ చెప్పింది. దేశరక్షణ కోసం నిజాయితీగా సేవచేసే సైనికుడు శాంతికి తోడ్పడుతున్నాడని చెప్పింది. మనస్సాక్షి కారణంగా ఆయుధం పట్టలేనివాణ్ణి చట్టం మానవత్వంతో చూడాలనీ, అతడు సమాజానికి మరో రూపంలో సేవ చేయాలనీ కూడా చెప్పింది. ఆస్ట్రియా రైతు ఫ్రాంజ్ యేగర్‌స్టాటర్ హిట్లర్ యుద్ధంలో పోరాడనని చెప్పి 1943 ఆగస్టు 9న తల నరికించుకున్నాడు. 2007లో శ్రీసభ ఆయనను ధన్యజీవిగా ప్రకటించింది. సింగపూర్‌లో పిలుపు అందుకున్నవారిలో కొందరిని పోలీసుశాఖకూ, అగ్నిమాపక దళానికీ పంపుతారు. కానీ మనస్సాక్షి పేరుతో ఆ సేవను కోరుకునే హక్కు అక్కడ లేదు. నిరాకరించినవారికి నిర్బంధమే. ఆ చట్టంలో ఇది లోపమేనని నా అభిప్రాయం.

ఒక్క సంగతి మరువరాదు. కష్టానికి జంకడం వేరు, మనస్సాక్షి అడ్డుపడడం వేరు. యేగర్‌స్టాటర్ తప్పించుకోలేదు, తన మాటకు మూల్యం చెల్లించాడు.

ఈ కుటుంబం ముందు న్యాయమైన దారులు రెండున్నాయి. కుర్రవాడు సేవ చేయవచ్చు. లేదా శాశ్వత నివాస హక్కును బహిరంగంగా వదులుకొని రావచ్చు. అలా వస్తే, రేపు అక్కడ చదువుకో ఉద్యోగానికో దరఖాస్తు పెట్టినప్పుడు ఆ సంగతి అతనికి ప్రతికూలంగా నిలుస్తుంది. ఆ నష్టాన్ని ఒప్పుకొని రావాలి. మూడో దారి కూడా కొందరు వెదుకుతారు. హక్కు ఉంచుకుంటారు, పిల్లవాణ్ణి చదువు పేరుతో దూరంగా పంపుతారు, పిలుపు వస్తే పలకరు. అక్కడ దానికి 10,000 డాలర్ల వరకు జరిమానా, మూడేళ్ల వరకు జైలు ఉన్నాయి. శిక్ష లేకపోయినా అది తప్పే, ఎందుకంటే లాభం తాను తీసుకొని భారం పక్కవాడి బిడ్డకు వదిలేయడం అది.

ఇక తండ్రి సంగతి. సంతకం పెట్టడం తప్పు కాదు. ఆ సంతకంలో ఏముందో కొడుకుకు తెలిసే వయసు వచ్చినా చెప్పకపోవడమే తప్పు. విదేశాలకు వెళుతున్న మన పిల్లలందరూ ఈ మాట గుర్తుంచుకోవాలి. కాగితం మీద బిడ్డ పేరు రాసేటప్పుడు బిడ్డ మోయబోయే బరువును కూడా చదువుకోవాలి.

పోయిన ఆదివారం ఆ పెద్దావిడ మళ్లీ కనిపిస్తే, "ఇంతకీ మీ మనవడు ఏమంటున్నాడమ్మా?" అని అడిగాను. ఆమె కాసేపు ఆలోచించి, "వాణ్ణి ఎవరూ అడగలేదు మాస్టారూ. చిన్నోడు గదా" అంది.

తుపాకి పట్టే వయసు దగ్గరపడినవాణ్ణి అడగకుండా ఎలాగమ్మా అన్నాను. రాత్రికి ఫోను వస్తుంది, వాడితోనే మాట్లాడతానంది.