చదివింది చెప్పడమూ తపస్సే

స్వాధ్యాయ ప్రవచనాలను ఉపనిషత్తు విడదీయదు. తైత్తిరీయంలోని శీక్షావల్లి తొమ్మిదో అనువాకం సత్యం, తపస్సు, ఇంద్రియ నిగ్రహం, అగ్నిహోత్రం, అతిథిసేవ అంటూ మనిషి ఆచరించవలసిన ధర్మాలను వరుసగా చెబుతుంది. ఒక్కోదాని పక్కన చదువుకోవడాన్నీ, చదివింది చెప్పడాన్నీ మళ్లీ మళ్లీ జోడిస్తుంది. అనువాకం చివర ముగ్గురు పెద్దల అభిప్రాయాలున్నాయి. రాథీతరుడికి సత్యమే ప్రధానం, పౌరుశిష్టికి తపస్సే ప్రధానం. మౌద్గల్యుడైన నాకుడు మాత్రం చదవడం, చెప్పడం ఉంటే చాలునంటాడు. ఆ రెండూ తపస్సేనని ఆయన మాట. ధర్మశాస్త్రాలు చెప్పే ఋషిఋణం తీరే దారీ ఇదే. ఋషులు ఇచ్చిన దాన్ని చదువుకుని తర్వాతి తరానికి అందించడమే ఆ బాకీ చెల్లించడం.

భాగవతం నోటినుంచి నోటికి అందిన గ్రంథం. వ్యాసుడు శుకుడికి చెప్పాడు. శాపగ్రస్తుడైన పరీక్షిత్తుకు శుకుడు గంగ ఒడ్డున ఏడు రోజులు వినిపించాడు. ఆ సభలో విన్న సూతుడు నైమిశారణ్యంలో శౌనకాదులకు చెప్పాడు. సూతుడు విన్నదాన్ని తనలోనే దాచుకుని ఉంటే కథ అక్కడితో ఆగేది. అదే భాగవతంలోని ప్రహ్లాదుడు ఇంకా చిన్నవాడు. గురువులు ఇంటిపనుల మీద వెళ్లగానే తోటి పిల్లలు ఆటకు పిలిచారు. అతడు వారిని చుట్టూ కూర్చోబెట్టుకుని, తల్లి గర్భంలో ఉండగా నారదుడి వల్ల విన్నది చెప్పాడు. పాఠశాలలో నేర్పేది వేరు, అతడు పంచింది వేరు. తనకు ఏది ఇష్టమో అదే చెప్పాడు కాబట్టి రాక్షసబాలురు ఆట మరిచి విన్నారు.

తెలుగునాట ఈ అలవాటు పురాణ కాలక్షేపంగా స్థిరపడింది. సాయంత్రం గుడి మండపంలో ఒకరు పోతన పద్యం చదివితే మరొకరు అర్థం చెప్పేవారు. పన్నెండు స్కంధాల భాగవతాన్ని ఏడు రోజుల్లో ముగించే సప్తాహాలు, రోజుకొక అధ్యాయం చొప్పున 30 రోజులు సాగే కార్తీక పురాణం, ధనుర్మాసంలో రోజుకొక పాశురంగా నడిచే తిరుప్పావై ఇప్పటికీ ఊరూరా ఉన్నాయి. వీటన్నిటిలో కనిపించే మంచి పద్ధతి ఒకటుంది. చెప్పడానికి గ్రంథం పూర్తయ్యేదాకా ఎవరూ ఆగరు. ఈ రోజు చదివింది ఈ రోజే చెబుతారు, మిగతాది రేపు. విన్నవారు ఇంటికి వెళ్లి, రాలేకపోయిన వారికి ఆ రాత్రే అప్పజెప్పేవారు. చదువురాని ముసలమ్మలకు కూడా గజేంద్ర మోక్షం నోటికి వచ్చింది ఇలాగే.

ఎవరితో చెప్పాలన్న విషయంలో గీత జాగ్రత్త నేర్పుతుంది. తపస్సు లేనివాడికి, భక్తి లేనివాడికి, వినాలని లేనివాడికి, అసూయపరుడికి దీన్ని చెప్పవద్దని పద్దెనిమిదో అధ్యాయంలో శ్రీకృష్ణుడి హెచ్చరిక. వెంటనే తర్వాతి శ్లోకంలో, భక్తులకు చెప్పేవాడు తననే చేరతాడని హామీ. మరోవైపు గురుపరంపర కథల్లో రామానుజులున్నారు. గురువు తిరుక్కోష్టియూరు నంబి రహస్యంగా ఉంచమన్న మంత్రార్థాన్ని ఆయన ఆలయం ఎక్కి అందరికీ వినిపించారు. గురువు మాట మీరినందుకు తనకు నరకం వచ్చినా నలుగురు తరిస్తే చాలనుకున్నారు. ఈ రెండింటికీ విరోధం లేదు. అక్కడ పోగైన జనం వినాలని వచ్చినవారే.

ఇప్పటి తీరు వేరు. కొత్త పుస్తకం అట్టను కాఫీ కప్పు పక్కన పెట్టి ఫొటో తీసి స్టేటస్ పెడతారు. నెలకు ఎన్ని చదివారో లెక్క చెబుతారు. తెల్లవారగానే వాట్సాప్‌లో వచ్చిన శ్లోకాన్ని అర్థం చూడకుండానే పదిమందికి తోస్తారు. ఇదంతా వడ్డించకుండా విస్తరి చూపించి పంపడమే. పారాయణ గ్రంథాల విషయంలో ఇది మరీ ఎబ్బెట్టు. పూర్తిచేసిన పారాయణల సంఖ్య పెరుగుతుంది, వాటిలోని ఒక్క ఘట్టమైనా నోట పలకదు.

సుందరకాండ చదువుతున్నానని ప్రకటించడం వల్ల వినేవాడికి దక్కేది ఏమీ లేదు. దాని 68 సర్గల్లో పదమూడోది తీసుకుంటే చాలు. లంకంతా గాలించినా సీత కనబడక హనుమంతుడు కుంగిపోతాడు. ఉత్త చేతులతో తిరిగి వెళితే రాముడు, సుగ్రీవుడు, కిష్కింధ ఏమవుతారోనని భయపడి, ప్రాణాలు విడవడం గురించీ ఆలోచిస్తాడు. బతికి ఉంటేనే మేలు జరుగుతుందని తనకు తానే చెప్పుకుంటాడు. ఇంకా వెతకని అశోకవనం అప్పుడు కంటబడుతుంది. పరీక్ష తప్పిన పిల్లవాడికి, ఉద్యోగం పోయిన మనిషికి ఈ ఒక్క సర్గ కథ చెబితే, చదివినవాడి పారాయణకు ఫలం అక్కడే మొదలవుతుంది. అర్థంకాని చోటును దాచుకోనక్కరలేదు. సందేహాన్ని కూడా పంచుకుంటే వినేవాడు తోడవుతాడు. గీత పదో అధ్యాయంలో భక్తులు ఒకరికొకరు తెలియజెప్పుకుంటూ సంతోషిస్తారని ఉంది. అందులో ఒకడు గురువు, మిగతావారు శిష్యులు అన్న విభజన లేదు.

వినేవాడికీ బాధ్యత ఉంది. పరీక్షిత్తు ఊరికే తలూపలేదు, అడుగడుగునా ప్రశ్నించాడు. ఆ ప్రశ్నలకు సమాధానాలుగానే భాగవతం విస్తరించింది. చెప్పేవాడూ విన్నవాడి సంగతి కనుక్కోవాలి. గీత అంతా చెప్పాక శ్రీకృష్ణుడు, మనసు పెట్టి విన్నావా, మోహం పోయిందా అని అర్జునుణ్ణి అడిగాడు. ఎదుటివాడికి ఏం అందిందో అడగకుండా చెప్పుకుంటూ పోయేవాడు తన పాండిత్యాన్ని తానే వింటున్నాడు.