పొద్దెవరిది?

‘దేవుడికి ఇంత టైము కూడా ఇయ్యలేవా?’ అని అడిగేవాళ్లు మనకు కొత్త కాదు. జుమ్మా నాడు మౌల్వీసాబ్ అడుగుతాడు. గష్తుకొచ్చిన జమాతువాళ్లు వాకిట్లో నిలబడి అడుగుతారు. అడిగించుకున్నవాడు తల వంచుకుని ‘ఏం చేద్దాం భాయ్, తీరిక దొరకడం లేదు’ అంటాడు. అక్కడితో మాట ముగిసిపోతుంది. ఇయ్యమంటున్న ఆ టైము అసలు అతని చేతిలో ఉందా అని మాత్రం ఎవరూ అడగరు. నేను అడగదలచుకున్నది ఆ ఒక్కటే.

మా సీమలో సూర్యుణ్నీ కాలాన్నీ ఒకే మాటతో పిలుస్తాం: పొద్దు. నమాజు లెక్క కూడా పొద్దు లెక్కే. పొద్దు పొడవకముందు ఫజర్, నడినెత్తి నుంచి వాలినాక జొహర్, నీడలు సాగినాక అసర్, పొద్దుగూకగానే మగ్రిబ్, చీకటి చిక్కబడినాక ఇషా. ఒక్కోదానికి పది పదిహేను నిమిషాలు. ఐదూ కలిపినా గంట, గంటంబావు. ఇది పనీపాటా ఉన్నవాళ్లను దృష్టిలో పెట్టుకున్న ఏర్పాటు. ప్రవక్త స్వయంగా గొర్రెలు కాసినవాడు, వ్యాపారం చేసినవాడు. ఖురాన్‌లో 62వ సూరా పేరే జుముఆ. పిలుపు వినపడితే బేరం ఆపి రమ్మంటుంది, నమాజు కాగానే తిరిగి వెళ్లి బతుకుదెరువు వెతుక్కోమంటుంది. శుక్రవారమంతా పని మానమని చెప్పలేదు. ప్రయాణంలో ఉంటే నాలుగు రకాతులు రెండవుతాయి. తప్పిపోయిన నమాజును ఖజా చదువుకోవచ్చు. మసీదు దూరమైతే శుభ్రమైన నేల చాలు. ఇంత వెసులుబాటు ఉండి కూడా కుదరడం లేదంటే, లోపమంతా అతని ఈమాన్‌లోనే ఉందని ఎట్లా తీర్పు చెబుతాం?

తిరుపతిని చూడండి. దేశం నలుమూలల నుంచి జనం పనులు మానుకుని దేవుడి కోసం వస్తారు. గంటల తరబడి క్యూలో కాచుకుని కొన్ని క్షణాలు చూసి వెళ్తారు. అంత టైము దేవుడికిచ్చిన వాళ్ల మీద నాకు గౌరవమే. కానీ కొండ కింద ఊరు దేని మీద నడుస్తోంది? ఆటోవాళ్లు, జీపుల డ్రైవర్లు, మెకానిక్కులు, లాడ్జీల్లో గదులు ఊడ్చేవాళ్లు, హోటళ్లలో అంట్లు తోమేవాళ్లు. వాళ్లలో సాయిబులున్నారు, అన్ని కులాల హిందువులూ ఉన్నారు. బ్రహ్మోత్సవాల్లో గరుడసేవ రాత్రి ఊళ్లోకొచ్చినవాళ్లంతా దేవుణ్ని చూడటానికి పోతే, వీళ్లు బండ్ల దగ్గరా అంట్ల దగ్గరా ఉంటారు. సుప్రభాతం వేళకూ ఫజర్ అజాన్ వేళకూ వీళ్లు పనిలోనే ఉంటారు. యాత్రికుడికి దొరికిన తీరిక వీళ్లు పోగొట్టుకున్న తీరికే. పుణ్యక్షేత్రంలో ఉంటూ పుణ్యానికి టైము లేనివాళ్లు మతం ఏదైనా ఒకే తెగ.

అయితే సాయిబుకు ఒక అదనపు బరువుంది. అతని నమాజు అందరికీ కనబడుతుంది. పక్కవాడు బీడీకని, టీకని నాలుగుసార్లు లేచిపోతే ఎవరూ లెక్కపెట్టరు. ఇతను తువ్వాలు భుజాన వేసుకుని లేస్తే, ‘ఏం సాయిబూ, మళ్లీ నమాజా? బండి ఎప్పుడిస్తావ్?’ అంటారు. నవ్వుతూనే అంటారు. కానీ ఆ నవ్వు వెనక ‘వీళ్లకు పని కంటే మతమే ఎక్కువ’ అనే మాట ఉంటుంది. అది భరించలేక లేవకుండా కూర్చుంటే మనవాళ్లు బేనమాజీ అంటారు. బయట మతపిచ్చి, లోపల మతం లేనితనం. ఒకే మనిషికి రెండు నిందలు.

రంజాన్ నెలలో ముస్లిం ఉద్యోగులు ఒక గంట ముందు ఇంటికి వెళ్లడానికి మన ప్రభుత్వం ఉత్తర్వులిస్తుంది. మంచిదే. మదనపల్లె టమోటా మార్కెట్‌లో పెట్టెలు ఎత్తే హమాలీకి ఆ గంట ఎవరిస్తారు? అతను రోజా ఉండి కూడా లారీ నిండేదాకా మొయ్యాల్సిందే. దిగకపోతే ఆ పూట కూలి లేదు. హక్కుగా గంట దొరికినవాడి భక్తినీ, కూలి పోగొట్టుకుంటే తప్ప గంట దొరకనివాడి భక్తినీ ఒకే తక్కెడలో తూచడం న్యాయమా?

ఇక ఇంట్లోకి వద్దాం. మౌలానా ఇలియాస్ 1920లలో మేవాత్‌లో మొదలుపెట్టిన తబ్లీగ్ పద్ధతిలో నెలకు మూడు రోజులు, ఏడాదికి నలభై రోజుల చిల్లా, ఆ పైన నాలుగు నెలలు తియ్యమంటారు. మగవాడు బ్యాగు సర్దుకుని బయలుదేరతాడు. ఆ నలభై రోజులు పిల్లలకు అన్నం, అప్పులవాళ్లకు జవాబు, ముసలివాళ్లకు మందులు ఎవరు చూస్తారు? దేవుడి దారిలో పోయినవాడికి ఆ టైమిచ్చింది అతని భార్య. సవాబు లెక్కలో ఆమె పేరు ఎవరూ ఎత్తరు. సహరీకి అందరికంటే ముందు లేచేది ఆమె. ఇఫ్తార్‌లో అందరికంటే చివర తినేది ఆమె. మగ్రిబ్ అజాన్ వినపడగానే నెత్తి మీదికి కొంగు లాక్కుంటుంది, చెయ్యి మాత్రం గరిటె మీదే ఉంటుంది.

కడప జిల్లా నుంచీ, మా పాత చిత్తూరు జిల్లా పడమటి మండలాల నుంచీ కువైట్‌కు ఇంటిపనికి పోయిన ఆడవాళ్లను తలుచుకోండి. అది ముస్లిం దేశం. యజమాని ముస్లిం, పనిమనిషి ముస్లిం. రోజుకు ఐదుసార్లు అజాన్ మోగుతుంది. అయినా ఆమె పొద్దు కఫీల్‌ది. పిల్లవాడు ఏడిస్తే, గంట కొడితే నమాజు ఆగాల్సిందే. కాబట్టి మనం మైనారిటీ కావడం వల్లే టైము లేదనుకుంటే అది సగం నిజం. తక్కిన సగం, ఎవరి టైము ఎవరు కొనుక్కున్నారనే దాంట్లో ఉంది.

దూదేకులవాళ్లను మనం చాలాకాలం ఎగతాళి చేశాం. ఉర్దూ రాదనీ, నమాజు రాదనీ, పీర్లకు మొక్కుతారనీ. పీర్ల పండుగ సరైనదా కాదా అనేది ఉలమాలు వాదించుకోనీ. నేను వేరే సంగతి చూస్తున్నాను. మొహర్రంలో పీర్లు లేచిన ఊళ్లో గుండం చుట్టూ పెద్దరైతూ ఉంటాడు, కూలీ ఉంటాడు, హిందువూ ఉంటాడు, ముస్లిమూ ఉంటాడు. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్లాయస్వామి దగ్గర చేరే జనం అట్లాంటి జనమే. ఉగాదినాడు దేవుని కడప గుడికి ముస్లింలు బీబీ నాంచారమ్మ మా ఆడబిడ్డ అంటూ పోతారు. ఊరంతా కలిసి పని ఆపితే ఎవడూ ఎవడి పర్మిషనూ అడగనక్కర్లేదు. ఒంటరిగా లేచినవాడికే నింద. చదువులేనివాళ్లని మనం తీసిపారేసినవాళ్లు ఈ కిటుకు మనకంటే బాగా పట్టుకున్నారు.

‘పనే దైవం, నిజాయితీగా పనిచెయ్, అదే ప్రార్థన’ అనేవాళ్లూ ఉన్నారు. కొందరి విషయంలో అది నిజమే. కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చిన మౌలానా (1924–1999) ముస్లింగానే బతుకుతూ రంగనాథుడి సన్నిధిలో నాదస్వరం వాయించాడు. ఆయన పనికీ ప్రార్థనకూ మధ్య గోడ లేదు. కానీ ఆ విద్య ఆయనది, ఊపిరి ఆయనది. పంక్చర్ షాపులో పన్నెండు గంటలు నిలబడే కుర్రవాడికి అదే మాట చెబితే, అతని దగ్గర మిగిలిన పది నిమిషాలు కూడా లాక్కోవడమే. ఆ మాట ఎక్కువగా చెప్పేది కూడా కూలి ఇచ్చేవాడే గానీ తీసుకునేవాడు కాదు.

రోజు పని గంటల పరిమితిని 9 నుంచి 10కి పెంచాలని 2025 జూన్‌లో రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది. తిరుపతి జిల్లా శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో మనపిల్లలూ పనిచేస్తున్నారు. ఆ పదో గంట మీద మసీదులో ఒక్క మాటైనా వినపడాలి కదా? పని గంటలు యూనియన్ వ్యవహారం, నమాజు మౌల్వీ వ్యవహారం అని పంచుకుంటే కూలివాడు రెండు చోట్లా ఓడిపోతాడు. మనిషి పొద్దంతా యజమానిది కాదని ఐదుసార్లు చెప్పేదే అజాన్. దాన్ని నమ్మినవాడు ఆ పదో గంటను ఎందుకని అడగాలి. అడిగేటప్పుడు పక్కన నిలబడే హిందూ కార్మికుడి కోసం కూడా అడగాలి.

అది పెద్ద పని, నాళ్లు పడుతుంది. ఈ లోపల మన చేతిలో ఉన్నవి కొన్నున్నాయి. ఇషాకు ముందు గిన్నెలు మగవాడు కడిగితే ఆమె తొందర లేకుండా వజూ చేసుకుంటుంది. షాపు సాయిబుదైతే, అందులో పనిచేసే హిందూ కుర్రవాడు వైకుంఠ ఏకాదశికి అలిపిరి మెట్లెక్కి వస్తానంటే, ఆ రోజు కూలి కొయ్యకుండా పంపాలి. దేవుడికి టైమిచ్చావా అని ఇంకొకణ్ని అడిగే ముందు, మన దగ్గర పనిచేసేవాళ్లకు ఎంతిచ్చామో లెక్క చూసుకుందాం.