గోలీతో పాటు చెప్పాల్సిన మాట

అల్లుడా,

చెంగిచెర్ల చౌరస్తాలో మందుల షాపు తెరిచావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. చాలా సంతోషం. నర్సుగా వార్డుల్లోనే బతుకు గడిపినదాన్ని కనుక స్టెరాయిడ్ గోలీల గురించి నీకు గట్టిగా చెప్పాలని రాస్తున్నా.

నీ దగ్గరికి వచ్చేది ఆర్టీసీ డిపో డ్రైవర్లు, చర్లపల్లి వైపు ట్యాంకర్లు నడిపేవాళ్లు, కబేళాలో పనిచేసేవాళ్లు. నడుము పట్టేసినా, ఆయాసం వచ్చినా తెల్లారి పనికి పోవాల్సిందే. "మొన్న ఇచ్చినవే ఇంకో నాలుగు ఇవ్వు" అంటారు. అందులో డెక్సామెథసోనో ప్రెడ్నిసొలోనో, అంటే స్టెరాయిడ్, ఉంటే నొప్పి నిజంగానే తగ్గుతుంది, అందుకే మళ్లీ వస్తారు. డాక్టర్ చీటీ లేకుండా అవి అమ్మకూడదని చట్టం ఉంది. కానీ ఒంట్లో ఏం జరుగుతుందో తెలిస్తే చట్టం గుర్తు చేయకముందే నీ చెయ్యి ఆగుతుంది.

స్టెరాయిడ్ పడితే కాలేయం రక్తంలోకి గ్లూకోజు ఎక్కువగా వదులుతుంది, కండరాల మీద ఇన్సులిన్ సరిగ్గా పనిచేయదు. పొద్దున ప్రెడ్నిసొలోన్ వేసుకున్నవాళ్లకు మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా షుగర్ పెరిగి, తెల్లారేసరికి దిగుతుంది. వాళ్లేమో పరగడుపున పరీక్ష చేయించుకుని, బాగానే ఉందని ధీమాగా తిరుగుతారు. మధ్యాహ్నం తిన్న రెండు గంటలకో, రాత్రి భోజనానికి ముందో చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. ఈ ఒక్క మాట చెప్పకుండా స్టెరాయిడ్ స్ట్రిప్పు ఎవరి చేతిలోనూ పెట్టకు.

కరోనా నాటిది గుర్తుందా? రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్, పది రోజులకు మించకుండా ఇస్తే, ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లలో చావులు తగ్గాయని 2020 జూన్‌లో బ్రిటన్ పరిశోధన తేల్చింది. ఆక్సిజన్ అక్కర్లేనివాళ్లకు మేలు కనిపించలేదని కూడా అదే చెప్పింది. ఆ రెండో మాట మన బస్తీల్లో ఎవరికీ ఎక్కలేదు. ఫోన్లో వచ్చిన చీటీ చూసి ఇళ్లలోనే మింగారు. షుగర్ చూసుకున్నవాళ్లు తక్కువ. 2021 మే నాటికి బ్లాక్ ఫంగస్ కేసులు ముంచెత్తాయి. కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిని దానికే ప్రధాన కేంద్రం చేశారు. అదుపు తప్పిన షుగరూ, హద్దు మీరిన స్టెరాయిడూ కలిసిన చోటే ఆ బూజు ఎక్కువగా పట్టింది. కళ్లు పోయినవాళ్లు ఉన్నారు బిడ్డా.

అట్లని భయపెట్టకు. ఆస్తమా, కిడ్నీ జబ్బు, లూపస్ ఉన్నవాళ్లకు ఆ మందు ప్రాణం. వారాల తరబడి వాడి ఒక్కసారిగా ఆపితే అడ్రినల్ గ్రంథులు అందుకోలేక మనిషి కుప్పకూలవచ్చు. డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. షుగర్ మందులు వాడేవాళ్లయితే, స్టెరాయిడ్ మొదలుపెట్టేరోజే ఆ సంగతి డాక్టర్‌కు చెప్పమను, మోతాదు మారుస్తారు. స్టెరాయిడ్ తగ్గుతున్నప్పుడు షుగర్ మందూ తగ్గాలి, లేకపోతే షుగర్ పడిపోతుంది. ఇది చాలామంది మరిచిపోతారు. మోకాలికి వేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్ తర్వాతా కొన్ని రోజులు షుగర్ చూసుకోవాలి.

స్టెరాయిడ్ వాడినన్నాళ్లు తీపి చాయ్, జ్యూసులు మానమను. మధ్యాహ్నం పళ్లెంలో అన్నం తగ్గించి కూర, పప్పు పెంచమను. దాహం ఎక్కువైనా, మాటిమాటికి మూత్రం వస్తున్నా, షుగర్ 200 దాటుతున్నా ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి పంపు.

చీటీ లేకుండా అడిగినవాళ్లకు దారి చూపించు. డిపో వాళ్లకు తార్నాక ఆర్టీసీ ఆసుపత్రి ఉంది, ఈఎస్‌ఐ కార్డున్నవాళ్లకు నాచారం ఆసుపత్రి ఉంది, ఏ కార్డూ లేనివాళ్లకు బస్తీ దవాఖాన ఉంది. కొందరు కోపంతో పక్క షాపుకు పోతారు. పోనీ. ఆ గిరాకీ నీకొద్దు.

మీ అత్త