పరధ్యానం

యూట్యూబులో పది గంటల వాన చప్పుడు దొరుకుతుంది, చదువుకోవడానికి అని పేరు పెట్టి మరీ. ఓ క్లౌడ్ సర్టిఫికేషన్‌కి (ఒక రకంగా మబ్బుల మీద పరీక్షే) చదువుతూ నేనూ పెట్టుకునేవాణ్ణి. బాగానే పనిచేసింది. కిటికీ బయట నిజం వాన మొదలైన రాత్రి మాత్రం ఒక్క పేజీ కదిలేది కాదు. చప్పుడు ఒకటే కదా, ఒక వాన చదివిస్తుంది, ఇంకోటి చెడగొడుతుంది. ఎందుకని?

పాతవాళ్ళు ఈ రెండో వానకి ముందే లొంగిపోయారు. మెరుపు, ఉరుము, వాన కలిసొస్తే వేదాధ్యయనం ఆపెయ్యమంటుంది మనుస్మృతి నాలుగో అధ్యాయం. ఎవరు చదవొచ్చో, ఎవరు చదవకూడదో తేల్చిన ఆ పుస్తకంతో నాకు చాలా పేచీలున్నాయి గానీ, ఈ ఒక్కచోట మాత్రం మన రెసిడెన్షియల్ కాలేజీల కంటే అదే నయం.

తేడా చప్పుడులో లేదనుకుంటాను. రికార్డు చేసిన వాన ఎవరి మీదా పడదు. బయటి వాన ఎవరో ఒకరి మీద పడుతుంది.

ఇంటర్ రెండో సంవత్సరం, ఎంసెట్‌కి నెల ఉందనగా, ఏప్రిల్లో ఒక రాత్రి స్టడీ అవర్లో గాలివాన. గొడుగులేని ఒకమ్మాయినీ, గొడుగుతో నన్నూ ఊహించుకుంటూ నేను. పక్కన ఖమ్మం వైపు కుర్రాడు ఇంటిగ్రేషన్ లెక్క మధ్యలో పెన్ను ఆపి కిటికీకేసి చూస్తున్నాడు. వాళ్ళ నాన్న మిరప వేశాడు. కాయ కల్లంలో ఆరబోసి ఉంది. టార్పాలిన్లు కప్పారా, గాలికి లేచిపోయాయా, తడిసి రంగు మారిన కాయని ఎవరు కొంటారు? వాడి ఊహంతా ఇదే. ఇన్‌ఛార్జి సారు ఇద్దర్నీ లేపి, ఏకాగ్రత లేదని ఒకే తిట్టు తిట్టారు. నా సంగతి సరే. వాడి చూపునీ నా పగటికలనీ ఒకే ఖాతాలో వెయ్యడమే నాకిప్పటికీ మింగుడుపడదు.

మేఘదూతంలో యక్షుడు కూడా పనిలో ఏమరుపాటుకి ఏడాది శిక్ష పడి రామగిరి చేరినవాడే. మబ్బుని చూసి భార్య కోసం కలవరించాడనే చెప్పుకుంటాం. కానీ ఆ మబ్బుకి దారి చెబుతూ అతను ఎవరెవర్ని తలుచుకున్నాడో చూడండి. పంటంతా నీ చేతిలోనే ఉందని మబ్బుకేసి చూసే పల్లె ఆడవాళ్ళు. పూలు కోస్తూ చెమటలు పట్టినవాళ్ళు. వాళ్ళ మొహాల మీద కాస్త నీడ పట్టమంటాడు. ఉజ్జయినిలో చీకట్లో ప్రియుల దగ్గరికి వెళ్ళేవాళ్ళకి మెరుపుతో దారి చూపించమంటాడు, కానీ ఉరమొద్దు, కురవొద్దు, బెదిరిపోతారు అంటాడు. తన విరహంలో తను మునిగినవాడికి ఇంతమంది గుర్తొచ్చారు. తెలుగులో దీన్ని పరధ్యానం అంటాం. తిట్టుగానే వాడతాం గానీ, విడదీసి చూస్తే అది ఇతరుల మీద ధ్యానమే.

అయితే ఒక చిక్కుంది. కల్లం గురించి కొడుకు ఆలోచించక్కర్లేని రోజు రావాలనే ఆ నాన్న వాణ్ణి అక్కడ చేర్చాడు. ఫీజు ఆ మిరపకాయల్లోంచే వచ్చింది. నాన్న మీద నిజంగా ప్రేముంటే తల వంచుకుని లెక్క చెయ్యాలి కదా? "నువ్వు చూస్తే వాన ఆగుతుందా?" అన్నారు సారు. ఆగదు. ఈ వాదాన్ని ఓడించడం నాకు చేతకాదు. కాకపోతే, నాన్న తడుస్తున్న రాత్రి చలించకుండా ఇంటిగ్రేషన్ చేసుకోగల మనసుని తయారుచెయ్యడమే చదువైతే, అలా తయారైనవాళ్ళ మధ్యే నేను పనిచేస్తున్నాను. జోరువానలో రాత్రి పదిన్నరకి బిర్యానీ ఆర్డర్ పెట్టి, కాస్త ఆలస్యమైందని డెలివరీ కుర్రాడికి ఒకే ఒక్క స్టార్ ఇస్తారు. వాళ్ళ ఏకాగ్రతకి వంక పెట్టలేం.

ఆ రాత్రి వాడికి కావలసింది క్లాసు కాదు, కవిత్వమూ కాదు. ఇంటికి ఒక్క ఫోను. "కప్పాంలేరా, నువ్వు చదువుకో" అని వాళ్ళమ్మ ఒక్క మాటంటే వచ్చి కూర్చునేవాడు. హాస్టల్లో ఫోను ఆదివారాలే. ఆ రోజు బుధవారం.