కేవు ఎంత? కొసరు ఎవరికి?

యోనా ప్రవక్త యొప్పేకు పోయి, తర్షీషునకు పోవు ఓడను చూచి, కేవు చెల్లించి అందులో ఎక్కెనని మనమెరుగుదుము. కేవు అనగా నీటి మీద దాటించినందుకు ఇచ్చు కూలి. ఆ ప్రవక్త దేవుని యొద్దనుండి పారిపోవుచున్నాడు గాని ఓడవారి లెక్క ఎగవేయలేదు. ఓడవారును తుపాను లేచిన తరువాత నడిసముద్రములో మరియొక రుసుము అడిగినట్లు వ్రాయబడలేదు. పైగా తమ సరుకులను నీళ్లలో పారవేసిరి. ఆ పరదేశిని ఒడ్డు చేర్చవలెనని తెడ్లు బలముగా వేసిరి. వారు అన్యజనులే. అయినను బేరమునందు వారి నడవడి మనము తలపోయదగినది.

రాజోలు సీమ వశిష్ఠకును వైనతేయకును నడుమ నున్నది. రేవు, పడవ, పంటు అను మాటలు మనకు క్రొత్తవి కావు. సఖినేటిపల్లి రేవున నరసాపురమునకు దాటినవారు మన సంఘములలో అనేకులున్నారు. మనిషికి ఇంత, సైకిలుకు ఇంత, మోటారు సైకిలుకు ఇంత అని రేవులో వేరువేరుగా పుచ్చుకొనుట వారికి తెలిసినదే. దానిని మోసమని ఎవరును అనరు. ఏలయనగా ఆ మాట ఒడ్డుననే తెలియును. సైకిలు లేనివాడు సైకిలు కేవు ఇయ్యనక్కరలేదు. కావున వేరుగా రుసుము పుచ్చుకొనుట దానంతట అదే పాపము కాదని మొదటనే ఒప్పుకొందము.

ఇప్పుడు పెద్ద ఓడల సంగతి చూతము. 2022 జూన్ నెలలో కార్డీలియా సంస్థవారి ‘ఎంప్రెస్’ అను విహార నౌక మన విశాఖపట్టణము నుండి ప్రయాణికులను ఎక్కించుకొనెను. ఇట్టి ఓడలలో గది, భోజనము, వినోదము కేవులోనే చేరియుండును. మద్యము, రేవులలో దిగి చూచు యాత్రలు మొదలగునవి వేరు. పశ్చిమ దేశముల ఓడలలో ఈ వేరు లెక్క ఇంకను పొడుగైనది. ఇంటర్నెట్టుకు వేరు, ప్రత్యేక భోజనశాలకు వేరు, సేవకుల బహుమానము క్రింద రోజుకు మనిషికి 15 డాలర్లకు పైగా వేరు. గదికి తెచ్చియిచ్చు భోజనము ఒకప్పుడు కేవులోనే యుండెడిది. ‘రాయల్ కరేబియన్’ సంస్థవారు 2017లో దానికిని వెల కట్టిరి.

ఓడవారి పక్షమునను ఒక మాట కలదు. 2020 మార్చిలో కరోనా వ్యాధి వలన ప్రపంచమంతట విహార నౌకలు నిలిచిపోయెను. నెలల తరబడి రాబడి లేదు; ఖర్చు మాత్రము ఆగలేదు. ‘కార్నివాల్’ అను పెద్ద సంస్థ అప్పు 3,000 కోట్ల డాలర్లను మించెను. అప్పుపడినవాడు వెల పెంచుటలో దోషము లేదు. అయితే వెల పెంచినట్లు పైకి కనబడకుండ పెంచుట సంగతి ఏమి? పత్రికలో చిన్న కేవు ప్రకటించి, కంచములో ఒక వడ్డన తగ్గించి, నిన్నటివరకు కేవులో నున్నదానిని నేడు వేరుగా అమ్ముట న్యాయమా? మన ప్రశ్న ఇదియే.

అన్నియు కలిపిన కేవే నీతిగలదని కొందరు తొందరపడి చెప్పుదురు. అదియు పూర్తిగా నిజము కాదు. మద్యమును కూడ కలిపి ఒకే వెల పెట్టినయెడల, త్రాగని కుటుంబము త్రాగువాని ఖర్చులో పాలు మోయవలసి వచ్చును. మితముగా తినువాడు తిండిపోతునకు బాకీ కట్టినట్లగును. 2003లో ఎయిర్ డెక్కన్ అను విమాన సంస్థ మన దేశములో తక్కువ టిక్కెట్టుతో విమానములు నడుపనారంభించినప్పుడు, లోపల ఫలహారము ఉచితముగా ఇయ్యక వెలకు అమ్మెను. అట్టి మార్పుల వలన అదివరకు విమానము ఎక్కనివారు అనేకులు ఎక్కగలిగిరి. వేరు చేయుట బీదవానికి తలుపు తెరచిన సందర్భములును గలవు.

అయినను అంతయు వేరు చేసినయెడల మరియొక కీడు పుట్టును. కొరింథు సంఘములో ప్రభువు బల్ల యొద్ద ఒకడు ఆకలిగొనుచుండగా మరియొకడు మత్తుడై యుండెనని పౌలు దుఃఖించెను. ఎవని భోజనము వాడే తినుట బజారులో తప్పు కాకపోవచ్చును. కాని ఒకే కప్పు క్రింద దినములు గడుపువారి మధ్య, ఒక తల్లి పిల్లవాని పళ్లెము వైపు చూచుచు వ్రేళ్లు లెక్కించుకొనుట మనస్సునకు నొప్పి కలిగించును. కనుక మాకు తోచిన హద్దు ఇది: ఆకలి తీర్చునది కేవులో నుండవలెను, కోరిక తీర్చునది వేరుగా నుండవచ్చును, ప్రాణము కాపాడునది ఎన్నడును బేరములో నుండరాదు. 2019 సెప్టెంబరు 15వ తేదీన కచ్చులూరు వద్ద పాపికొండల విహారమునకు పోవుచున్న పడవ గోదావరిలో మునిగి దాదాపు 50 మంది మరణించిరి. ఆ దుఃఖము తలంచునప్పుడెల్ల, ఒంటికి కట్టు రక్షణ చొక్కా, పడవ సామర్థ్యము, సరంగు నేర్పు అనునవి ఖర్చు తగ్గించుకొను లెక్కలలో చేరదగినవి కావని మనము గట్టిగా చెప్పవలెను.

అదనపు రుసుమును పరీక్షించుటకు మూడు ప్రశ్నలు చాలును. ఒడ్డున నుండగానే చెప్పిరా? వద్దనుటకు ప్రయాణికునికి వీలున్నదా? యజమానుడు ఇయ్యవలసిన జీతమును ప్రయాణికుని నెత్తిన వేయుచున్నారా? ఈ మూడవది మరువరాదు. సేవకునికి తగిన కూలి ఇయ్యక, ప్రయాణికుల బహుమానముతో బ్రతుకుమని విడిచిపెట్టువాడు, కోత కోసినవారి కూలి మొరపెట్టుచున్నదని యాకోబు పత్రికలో చెప్పబడిన హెచ్చరికను చదువుకొనవలెను.

ఏరు దాటువరకు ఓడ మల్లయ్య, ఏరు దాటిన తరువాత బోడి మల్లయ్య అను సామెత కృతఘ్నుడైన ప్రయాణికుని గూర్చినది. మన కాలములో అది తిరగబడినది. ఒడ్డున నున్నంతసేపు ప్రయాణికుడే మల్లయ్య. పడవ కదిలిన తరువాత అతడే బోడి మల్లయ్య. వెనుకకు పోలేనివాని యొద్ద పుచ్చుకొను రుసుమునకు బేరమని పేరు పెట్టరాదు.

లాబాను ఇట్టివాడే. రాహేలు కొరకు ఏడు సంవత్సరములని మాట. ఆ యేడు నిండిన తరువాత, మా దేశాచారము వేరని చెప్పి మరి యేడు చేయించుకొనెను. ఆ ఆచారము మొదటి దినమున లాబానునకు తెలియదా? తెలిసియు దాచెను, అదియే దోషము. దీనికి ఎదురుగా మక్పేలా గుహ బేరము చూడుడి. ఎఫ్రోను ఊరకనే ఇచ్చెదనన్నాడు. ఊరకనే అను తీపి మాట వెనుక నేమి వచ్చునో అబ్రాహాము ఎరుగును. వెల అడిగి తెలిసికొని, 400 తులముల వెండి అందరి యెదుట తూచి ఇచ్చి, దుఃఖములో నుండియు స్పష్టమైన బేరము చేసెను.

ఈ సంగతి ధనికుల విహారములకే చెందినదని ఎవరైనను తలంచినయెడల, మన పెద్దల కథ జ్ఞాపకము చేసికొనవలెను. రంగూను పోయిన తెలుగువారిని అక్కడివారు కోరంగులని పిలిచిరి. కోరంగి రేవు పేరే వారి పేరైనది. అనేకులకు మేస్త్రీ ఓడ కేవు ముందుగా పెట్టెడివాడు. అది ఉపకారముగా కనబడెను. అక్కడ దిగిన తరువాత ఆ కేవే అప్పుగా మారి, జీతములో నుండి కోతయై, మనిషిని మేస్త్రీకి కట్టివేసెను. నేడు మన కోనసీమ ఇండ్లనుండి గల్ఫు దేశములకు పోవు స్త్రీ పురుషుల విషయములోను ఇదే అపాయము పొంచియున్నది. అంతయు మేమే చూచుకొందుమని ఏజెంటు చెప్పును. తరువాత వైద్యపరీక్షకు ఇంత, వీసాకు ఇంత, టిక్కెట్టుకు ఇంత. ప్రభుత్వ అనుమతి పొందిన ఏజెంటు తన సేవకు 30,000 రూపాయలును, దానిపై జి.యస్.టి.యును మించి పుచ్చుకొనరాదని నియమమున్నది. అనుమతి పత్రము చూడక, రసీదు అడుగక పుస్తెలు తాకట్టు పెట్టవద్దని ప్రతి సంఘములోను చెప్పవలసియున్నది.

చట్టములును ఈ దిక్కుననే నడచుచున్నవి. మన అంగడిలో పొట్లము మీద అన్ని పన్నులు కలిపిన గరిష్ఠ ధర అచ్చువేయుదురు. చదువు తక్కువ గలవానికిని అది కాపుదల. హోటళ్లు బిల్లులో సర్వీసు ఛార్జీ తామే కలుపరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలై 4న మార్గదర్శకములనిచ్చెను; ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న వాటిని సమర్థించెను. వెలను కొంచెము కొంచెముగా బయటపెట్టు పద్ధతిని 2023 నవంబరులో మన ప్రభుత్వము నిషేధించిన 13 కపట పద్ధతులలో చేర్చిరి. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రములో తప్పనిసరి రుసుములన్నియు ప్రకటించిన వెలలోనే చేరియుండవలెనను చట్టము 2024 జూలై 1న అమలునకు రాగా, పెద్ద విహార నౌకల సంస్థలు తమ ప్రకటనలు మార్చుకొనెను. చెప్పుట అసాధ్యమని అంతవరకు అనుకొన్నది ఒక్క దినములో సాధ్యమైనది.

అయితే చట్టము చేరని చోట్లు గలవు. ధాన్యము కాటా వేయునప్పుడు తేమ పేరుతో తీయు తరుగు ముందుగా ఒప్పుకొన్నదేనా? కూలివానిని ఒక పనికి పిలిచి, సాయంకాలము ఇంకొక పని ‘చేతిలో పని’గా చేయించుకొనుట లేదా? పెండ్లి మాటలయందు ఏమియు వద్దని చెప్పి, పందిరి వేసిన తరువాత కోరికలు చెప్పుట లాబాను మార్గము కాదా? ఉచిత భోజనమని కూటములకు పిలిచి, వచ్చినవారిని చందా పట్టీతో సిగ్గుపరచుట తగునా? కొలపాత్ర చిన్నది చేసి తులము పెద్దది చేసినవారిని ఆమోసు గద్దించినప్పుడు, ఆ గద్దింపు సంతలోనివారికి మాత్రమే అనుకొనరాదు.

గోపురము కట్టగోరువాడు మొదట కూర్చుండి ఖర్చు లెక్కచూచుకొనవలెనని మన ప్రభువు చెప్పెను. మొత్తము చెప్పనివాడు ఎదుటివానికి ఆ లెక్క చూచుకొను హక్కునే తీసివేయుచున్నాడు. ప్రభువు అట్లు చేయలేదు. తన్ను వెంబడించెదనని వచ్చినవానికి తనకు తలవాల్చుకొను చోటు లేదని ముందుగానే తెలిపెను. సిలువ సంగతి దారిలో దాచి చివర బయటపెట్టలేదు.

మన తెలుగులో కొసరు అను చక్కని మాట కలదు. తూకము పూర్తియైన తరువాత అమ్మువాడు సంతోషముగా వేయు గుప్పెడే కొసరు. ద్రాక్షతోట యజమానుడు ఒప్పుకొన్న దేనారము ఎవరికిని తగ్గింపలేదు. చివర వచ్చినవారికి తన చేతినుండి కొసరు వేసెను. కొసరు ఇచ్చువాని చేతినుండి రావలెను గాని, పుచ్చుకొనువాని జేబునుండి లాగబడరాదు. ఈ నెలలో ఎవరికైనను ఒక వెల చెప్పవలసి వచ్చినప్పుడు, అది పంట వెలయైనను కూలియైనను పెండ్లి మాటయైనను, మొత్తము ఒడ్డుననే చెప్పుదము. చెప్పిన తరువాత చేతనైనంత కొసరు వేయుదము.