దేవుణ్ణి నమ్మని స్నేహితుడితో ఎలా మాట్లాడాలి?



ఈ వారం వీడియోలో భగవద్గీత 18వ అధ్యాయం చివరికి వచ్చాం కదా. "నమ్మకం లేని ఫ్రెండ్‌కి దేవుడి గురించి ఎలా చెప్పాలి?" అని మీలో చాలామంది అడుగుతుంటారు. దానికి జవాబు అక్కడే ఉంది.

కృష్ణుడు అర్జునుడి సందేహాలన్నిటికీ ఓపిగ్గా బదులిచ్చాడు. విశ్వరూపం కూడా చూపించాడు. అంతా అయ్యాక 63వ శ్లోకంలో ఏమన్నాడు? ఇదంతా బాగా ఆలోచించుకో, ఆ తర్వాత నీ ఇష్టప్రకారం చెయ్యి అన్నాడు. సాక్షాత్తూ భగవంతుడే నిర్ణయాన్ని ఎదుటివాడికి వదిలేశాడు. మరి మనం ఒక్క కప్పు టీ తాగేలోపు మనిషిని మార్చేయాలని చూడటం ఏంటి?

17వ అధ్యాయంలో వాక్కుతో చేసే తపస్సు గురించి చెబుతాడు. మాట నిజమై ఉంటే చాలదు. అది మనసు నొప్పించకూడదు, వినడానికి ప్రియంగా ఉండాలి, మేలు చెయ్యాలి.

నేను గోదావరిఖనిలో పెరిగాను. మా దగ్గర బాయిలోకి దిగే కార్మికుల టోపీకి క్యాప్ ల్యాంప్ ఉంటుంది. తల ఎటు తిప్పితే వెలుగు అటు పడుతుంది. ఎదురుగా మనిషి వస్తే, లైటు కళ్ళల్లో పడకుండా తల కాస్త పక్కకు తిప్పాలి. లేకపోతే ఆ చీకట్లో అతనికి దారే కనిపించదు. మన భక్తి కూడా అలాంటి దీపమే. అది మన దారి చూసుకోవడానికి.

మా ఊళ్ళో ఒక తమ్ముడున్నాడు. వాళ్ళ నాన్న బాయి ప్రమాదంలో పోయాడు. "అన్నా, మా నాయిన రోజూ మొక్కే దిగేటోడు. గప్పుడు దేవుడు ఎటు పోయిండు?" అని అడిగాడు. పూర్వజన్మ కర్మ అనేయడం సులువు. కానీ తండ్రిని పోగొట్టుకున్న కొడుక్కి ఆ మాట జవాబు కాదు, ఇంకో దెబ్బ. "నాకు తెల్వది తమ్మీ. నాయిన గురించి చెప్పు, వింటా" అన్నాను. గోదావరి ఒడ్డున చీకటి పడేదాకా చెప్పాడు.

తను ఇప్పటికీ నమ్మడు. కానీ ఈ మధ్య తనే అడిగాడు, "నీకెందుకు నమ్మకం అన్నా?" అని. అప్పుడు నా అనుభవం మాత్రమే చెప్పాను. అతని గురించి తీర్పు చెప్పలేదు.

ఈ వినయం ఏ ఒక్క మతానికో సంబంధించింది కాదు. మన సింగరేణి వైపు లైను చీలే డోర్నకల్ జంక్షన్ తెలుసు కదా. 1912లో అక్కడ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య, అంతకు రెండేళ్ళ ముందు ఎడిన్‌బరో సభలో విదేశీ మిషనరీల ఎదుటే ఒక మాట అడిగారు. మీరు ఎన్నో త్యాగాలు చేశారు, కానీ మాకు స్నేహం కూడా కావాలి అన్నారు. పైనుంచి ఇచ్చేది ఎంత గొప్పదైనా, పక్కన కూర్చోవడంతో సమానం కాదు.

ఈ వారం ఒక్క పని చేయండి. నమ్మకం లేని మీ స్నేహితుణ్ణి ఎందుకో అడగండి. మధ్యలో అడ్డు రాకుండా వినండి. చెప్పే అవకాశం అతనే ఇస్తే చెప్పండి. ఇవ్వకపోయినా స్నేహం వదలకండి.

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.